ప్రమాణం చేయించే ముందు



ఈ సంచికలో పగారు ఒప్పందం గురించి వ్రాయవలసి ఉంది. దాన్ని వెనక పేజీకి జరిపి ఇక్కడ తాగుడు గురించి వ్రాస్తున్నాము. "మళ్ళీ అదే నీతిబోధ" అని పత్రిక మడిచి పెట్టకండి. తాగేవారిని తిట్టడం మా ఉద్దేశం కాదు. మా వల్ల జరిగిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవలసి ఉంది.

నిరుడు మన సంఘం సభలో "నేటి నుండి మద్యం ముట్టను" అని సభ్యుల చేత ప్రమాణం చేయించాము. చేతులెత్తిన వారిలో ఒక చాదర్ కార్ఖానా సోదరుడు ఉన్నాడు. పదిహేనేళ్ళుగా పొద్దున లేవగానే ఒక గ్లాసు పడితేగాని చేతి వణుకు ఆగని మనిషి. మేము చప్పట్లు కొట్టాము, మెడలో దండ వేశాము. ఆ రాత్రి అతను తాగలేదు. మరునాడు ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, కంటికి కునుకు లేదు. ఒట్టు నిలబెట్టుకుంటున్నాడని ఇంటామె సంతోషపడి మజ్జిగ కలిపి ఇచ్చింది. ఆ రాత్రే ఒకసారి ఫిట్స్ వచ్చి తగ్గింది. ఎండదెబ్బ అనుకున్నారు. మూడో రోజు మంచం మీద కూర్చుని గాలిలో లేని దారాన్ని పట్టుకుని ముడి వేయడం మొదలుపెట్టాడు. "పోగు తెగింది, సాంచా ఆపండి" అని కేకలు. వాడకట్టు పెద్దలు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించడంలో ఒక రోజు గడిచిపోయింది. అప్పటికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. రిక్షాలో ఆస్పత్రికి చేర్చేసరికి ప్రాణం పోయింది.

తాగి తాగి చచ్చాడని చాలామంది అన్నారు. మేమూ మొదట అట్లే అనుకున్నాము. తర్వాత ఒక డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, అతను చనిపోయింది తాగుడు ఒక్కసారిగా ఆపినందుకని చెప్పారు. ఆపించింది మేమే.

ఆయన చెప్పినదీ, ఆ తర్వాత మేము చదివి తెలుసుకున్నదీ మనవాళ్ళకు తెలిసిన మాటల్లో చెబుతాము. సాంచాకు మోటారు ఉంది, బ్రేకు ఉంది. రెండూ సరిగా ఉంటేనే గుడ్డ సరిగా వస్తుంది. మెదడుకు కూడా అటువంటివి ఉన్నాయి. మెదడు కణాలను పరుగెత్తించే రసాయనాల్లో ముఖ్యమైనది గ్లుటమేట్. వాటిని నెమ్మదింపజేసేది గాబా. ఈ గాబా మెదడులో ఉందని 1950లో అమెరికాలో యూజీన్ రాబర్ట్స్ మొదలైన శాస్త్రజ్ఞులు చూపించారు. సారా లోపలికి పోగానే గాబా అనే బ్రేకును గట్టిగా నొక్కుతుంది, గ్లుటమేట్ అనే మోటారు జోరును తగ్గిస్తుంది. అందుకే మొదటి గ్లాసుకు ఒళ్ళు తేలికవుతుంది, భయం పోతుంది. నాలుగో గ్లాసుకు నాలుక మడతపడుతుంది. తాగితే పనిలో హుషారు వస్తుందని చెప్పే సోదరులు ఇది గమనించాలి. వచ్చేది హుషారు కాదు, పోయేది భయం. బెల్టులో చేయి పడేది అటువంటప్పుడే.

ఏళ్ళ తరబడి రోజూ బ్రేకు మీద ఒక కాలు అదిమిపెట్టి ఉంటే మెదడు ఊరుకోదు. సాంచా నడవాలి కదా! తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది, మోటారు జోరు పెంచుకుంటుంది. ఇక సారా ఉంటేనే దానికి మామూలు నడక. పాత తాగుబోతు ఎంత తాగినా తూలకపోవడానికి కారణం ఇదే. దాన్ని అతను మగతనం అనుకుని మీసం తిప్పుతాడు. అట్లాంటి మెదడు మీద నుండి ఆ కాలును ఒక్కసారిగా తీసేస్తే బ్రేకు పట్టదు, మోటారు మాత్రం పూర్తి జోరులో ఉంటుంది. నాడె పట్టుతప్పి ఎగిరినట్టే. ఆఖరి గ్లాసు దిగిన ఆరు గంటల నుండి వణుకు, చెమట, గుండెదడ. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి భ్రమిస్తుంది, లేనివి కనబడతాయి, జ్వరం వస్తుంది. వైద్యం లేకపోతే ప్రాణం పోవచ్చు. ఆ స్థితిలో మనిషి తన చేతికి అలవాటైన పనినే చేస్తూ ఉంటాడట. మన సోదరుడు లేని పోగుకు ముడి వేయడంలో దెయ్యమూ లేదు, గాలీ లేదు.

పూర్వం డాక్టర్లకు కూడా ఇది సరిగా తెలియదు. తాగుబోతు అన్నం తినడు కనుక బలహీనత వల్ల ఫిట్స్ వస్తాయని చాలామంది అనుకునేవారు. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్బెల్ అనే డాక్టరు, ఆయన తోటివారు తమ పరీక్ష ఫలితాలు ప్రకటించారు. పది మందికి మంచి తిండి, విటమిన్లు ఇస్తూ వారాల తరబడి సారా పట్టించి, హఠాత్తుగా ఆపి చూశారు. కడుపునిండా తిన్నవారిలోనే కొందరికి ఫిట్స్ వచ్చాయి, కొందరికి మతి తప్పింది. ఆ పది మంది ఎవరో తెలుసా? మత్తుమందుకు అలవాటుపడి శిక్ష అనుభవిస్తున్న ఖైదీలు. డబ్బున్నవాడి బిడ్డ మీద అటువంటి పరీక్ష ఎవరూ చేయరు. అయినా వారి వల్ల తెలిసిన నిజం ఈ రోజు మన బిడ్డల ప్రాణాలు కాపాడుతుంది కనుక వారిని తలచుకోవడం న్యాయం.

మందు లేదా అంటే ఉంది. 1960లో లిబ్రియం, 1963లో వాలియం అనే మాత్రలు బజారులోకి వచ్చాయి. సారా నొక్కే బ్రేకునే ఇవీ నొక్కుతాయి. డాక్టరు చేసేదల్లా సారా అనే కాలు తీసి, దాని చోట ఈ మాత్ర పెట్టి, రోజురోజుకూ తగ్గిస్తూ కొద్ది రోజుల్లో పూర్తిగా తీసివేయడం. మెదడు తన బ్రేకు తాను బిగించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. దానితోపాటు బి1 విటమిన్ ఇస్తారు, అది లేకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. 1969లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల నుండి 537 మంది రోగులతో జరిపిన పరీక్ష వెలువడింది. లిబ్రియం ఇచ్చినవారిలో ఫిట్స్, మతిభ్రమ చాలా తక్కువ. పిచ్చికి వాడే క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చినవారిలో ఫిట్స్ ఎక్కువ వచ్చాయి. అంటే మత్తుగా పడుకోబెట్టే మాత్రలన్నీ ఒకటి కావు. తెలిసిన డాక్టరే ఇవ్వాలి. ఆ మాత్రలే సారా మీద వేసుకుంటే ఊపిరి ఆగవచ్చు. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే సోదరులు ఇది రెండుసార్లు చదవాలి.

ఇక కల్లు సంగతి. "నేను హాత్‌భట్టి ముట్టను, కల్లే తాగుతాను, అది చెట్టు పాలు" అనే పెద్దలు మన పేటల్లో ఇప్పటికీ ఉన్నారు. చెట్టు కల్లు వేరు, దుకాణం కల్లు వేరు. మన తాతల ఊళ్ళున్న తెలంగాణలో చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపి కల్లు పేరుతో అమ్మడం అక్కడ ఎన్నో ఏళ్ళ వ్యవహారం. క్లోరల్ హైడ్రేట్ 1869 నుండి నిద్రమందుగా వాడింది. డైజిపామ్ అంటే ఆ వాలియమే. ఆల్ప్రాజోలం దాని తమ్ముడు. తాగేవాడు కల్లు తాగుతున్నాననుకుంటాడు, మెదడు మాత్రల లెక్క వ్రాసుకుంటుంది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీని గట్టిగా ఆపేసరికి నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది వణుకుతూ, పలవరిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రుల్లో పడ్డారు. కల్తీ ఆపడం తప్పని ఎవరూ అనరు. తాగినవాడికి మంచం, మందు సిద్ధం చేసుకోకుండా ఆపితే ఏమవుతుందో అప్పుడు కనబడింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతబడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ ఆస్పత్రిలో మళ్ళీ అదే వరుస. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు కూడా. పెళ్ళిళ్ళకు, పండుగలకు అటు వెళ్ళి వచ్చే మనవాళ్ళు ఆలోచించుకోవాలి.

అక్కచెల్లెళ్ళకు ఒక మాట. తాగుడు మాన్పించే పొడి అని, ఇంటాయనకు తెలియకుండా కూరలో కలపమని అమ్మేవాళ్ళు వాడలో తిరుగుతూనే ఉంటారు. అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. డైసల్ఫిరామ్ అనే అసలు మందు ఒకటి ఉంది. దాని కథలో మన కార్మికులే ఉన్నారు. 1937లో అమెరికాలో ఒక కర్మాగారం డాక్టరు, రబ్బరు పనిలో వాడే ఆ జాతి రసాయనం మధ్య పనిచేసేవారు బీరు కూడా తాగలేకపోతున్నారని, తాగితే ముఖం ఎర్రబడి గుండె దడదడలాడుతోందని గమనించి వ్రాశాడు. 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు డైసల్ఫిరామ్‌ను మద్యం మాన్పించే మందుగా ముందుకు తెచ్చారు. సారా ఒంట్లో విరిగేటప్పుడు పుట్టే విషాన్ని ఇంకా విరగనివ్వకుండా నిలిపివేయడమే దీని పని. అందుకని మనిషికి తెలిసి, ఒప్పుకొని, డాక్టరు చూస్తుండగా వాడాలి. తెలియకుండా పెడితే, అతను తాగివస్తే, గుండె ఆగిపోవచ్చు. కడుపు మంట మాకు తెలుసు. బీడీలు చుట్టి తెచ్చిన డబ్బు కూడా లాక్కుపోతుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? కాని ఆ పొడి మాత్రం వద్దు.

సోలాపూర్‌కు మద్యం మీద పోరాటం కొత్త కాదు. 1930 మే నెలలో గాంధీగారి అరెస్టు తర్వాత సింధి చెట్లు నరకడంతో గొడవ రేగి, కాల్పులు జరిగి, మార్షల్ లా వచ్చి, 1931 జనవరి 12న నలుగురు వీరులు ఉరికంబం ఎక్కారు. ఈ మధ్య 2021లో మన జిల్లా గ్రామీణ పోలీసులు హాత్‌భట్టి కాచే తాండాలకు వేరే బ్రతుకుదెరువు చూపడానికి ఆపరేషన్ పరివర్తన్ మొదలుపెట్టారు. మంచి పని. ఇవి చెట్టు దగ్గర, భట్టి దగ్గర చేసేవి. తాగినవాడి తల లోపల జరిగేదానికి గొడ్డలి పనికిరాదు, దండ పనికిరాదు.

తాగడానికి కారణాలు లేవా అంటే ఉన్నాయి. పన్నెండు గంటలు సాంచాల హోరులో నిలబడి, రాత్రి పాళీ దిగి, పగలు రేకుల కింద ఉక్కలో నిద్రపట్టక ఒక గ్లాసు వేసుకోవడంతో మొదలైనవారే ఎక్కువ. సారా నిద్రపుచ్చుతుంది, సగం నిద్రలో తానే లేపుతుంది. అది తెలియక రెండో గ్లాసు. పాళీల సంగతి సేట్లతో తేల్చుకోవలసినదే, అది వెనక పేజీలో చదవండి. వైద్యానికి పోయిన రోజులను గైరుహాజరుగా కట్టి పనిలో నుండి తీసేయరాదన్న షరతును ఈసారి ఒప్పందం ముసాయిదాలో చేర్చాము.

వచ్చే సభలో చేతులెత్తించడం ఉండదు. బల్ల దగ్గర ఒక పుస్తకం పెడతాము. మానాలనుకున్నవారు వచ్చి రోజుకు ఎంత, పొద్దున వణుకు ఉందా, మునుపెప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, కల్లు తాగుతారా అన్నది చెప్పాలి. వణుకు, ఫిట్స్ ఉన్నవారు ఆ రోజే తాగుడు ఆపవద్దు. మా మనిషి తోడు వచ్చి మరునాడు సివిల్ హాస్పిటల్‌లో మానసిక వైద్య విభాగానికి తీసుకువెళతాడు. ఇ.ఎస్.ఐ. కార్డున్నవారు కార్డు తెచ్చుకోండి. ఇప్పటికే మానేసి ఇంట్లో వణుకుతున్నవారు ఎవరైనా ఉంటే సభదాకా ఆగకుండా ఇప్పుడే దవాఖానాకు తీసుకుపోండి. రాత్రిపూట ఎవరిని అడగాలో తోచకపోతే 14416 కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, డబ్బు పడదు.

పుస్తకంలోని పేర్లు సేట్లకు గాని, వాడకు గాని తెలియవు. బల్ల దగ్గర కూర్చోవడానికి ఎవరుంటారని కమిటీలో అనుకుంటుండగా, పోయిన సోదరుని ఇంటామె కబురు పంపింది. తాను కూర్చుంటానన్నది. ఆ రోజు ఆమె బీడీ కూలి పోతుంది కనుక సంఘం ఇవ్వాలని నిర్ణయించాము.