సర్వరు ఖర్చు కూడా వైద్య ఖర్చే

ఆసుపత్రి మెయిళ్ళు, సిబ్బంది పాస్‌వర్డులు ఉండే పాత సర్వరును మార్చే డబ్బుతో మంచాలు కొనవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 2017 మే నెలలో వానాక్రై వైరస్ ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రుల కంప్యూటర్లలో చొరబడినప్పుడు వేలమంది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. కొన్నిచోట్ల అంబులెన్సులనే వేరే ఆసుపత్రులకు మళ్ళించారు. విరుగుడు మార్చిలోనే వచ్చింది. టీకా ఉండీ వేయించుకోనట్టయింది.

మరీ పాత సర్వర్లకు ఆ టీకా కూడా అందదు. విండోస్ సర్వర్ 2012కు మామూలుగా వచ్చే భద్రతా సవరణలు 2023 అక్టోబరుతో ఆగాయి. అందుకే మార్పు వాయిదా వేయరాదని మా అభిప్రాయం. కొత్తదానిలోకి అన్నీ కాపీ చేసి, కొన్నాళ్ళు రెండూ నడిపి, సరిచూసుకున్నాకే పాతది ఆపాలి. ఆ రోజుల్లో ఓపీ చీటీ కాస్త ఆలస్యమైతే దయచేసి ఓర్చుకోండి.