పీడీ సారుది చిన్న ఉద్యోగమా?

వాలీబాల్‌లో రాష్ట్రానికో దేశానికో ఆడినవాడు చివరికి ఓ డిగ్రీ కాలేజీలో పీడీగా, అంటే వ్యాయామ విద్యా డైరెక్టర్‌గా చేరితే వరంగల్‌లో వినిపించే మాట ఒకటే: "అంత ఆడి ఇంతేనా?" అదే మనిషికి స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వస్తే మాత్రం సెటిలయ్యాడంటారు. కాజీపేట జంక్షన్ పక్కన పెట్టుకున్న ఊరు కాబట్టి రైల్వే ఉద్యోగం మీద మోజు సహజమే. కానీ కొన్నేళ్లు సంస్థ తరఫున ఆడి ఆ తర్వాత ఫైళ్ల మధ్య కూర్చునే ఉద్యోగం కంటే, జీవితమంతా కోర్టు పక్కనే ఉండే పని తక్కువెలా అయింది? ఈ అభిప్రాయం తప్పు. మన పిల్లలకు నష్టం కూడా చేస్తోంది.

మన వాలీబాల్ చరిత్రే దీన్ని కొట్టిపారేస్తుంది. ఎం. శ్యామ్‌సుందర్ రావు ఆటగాడిగా 1974 అర్జున అవార్డు పొందారు. శిక్షకుడిగా ద్రోణాచార్య వచ్చింది 1995లో, అంటే 21 ఏళ్ల తర్వాత. తెలుగు నేల మీద పుట్టిన అరికపూడి రమణారావుకు 1977-78లో అర్జున, 1990లో ద్రోణాచార్య. ఒక మనిషి రెండుసార్లు ఎదిగితే, ఆ రెండో ఎదుగుదలను మనం దిగజారడంగా ఎందుకు లెక్కేస్తున్నాం?

కాలేజీ అన్న మాటలోనే చిన్నతనం ఉందనుకునేవాళ్లు అమెరికాలో ఆల్ స్కేట్స్ సంగతి తెలుసుకోవాలి. తను ఆడిన యూసీఎల్‌ఏ జట్టుకే 1963 నుంచి 2012 దాకా కోచ్‌గా ఉండి 19 జాతీయ టైటిళ్లు గెలిపించాడు. మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన కార్చ్ కిరాలీ ఆయన దగ్గర ఆడిన విద్యార్థే. అదే కిరాలీ కోచ్‌గా మారి టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా మహిళలకు స్వర్ణం తెచ్చాడు. స్కేట్స్ పని చేసింది ఒక విశ్వవిద్యాలయంలో. దాన్ని చిన్న ఉద్యోగమని అక్కడెవరూ అనలేదు.

గొప్ప ఆటగాళ్లందరూ గొప్ప కోచ్‌లు కాలేరన్న మాట నిజమే, ఒప్పుకుంటాను. అందుకే పటియాలాలో 1961లోనే జాతీయ క్రీడా సంస్థ పెట్టి శిక్షకులను తయారుచేస్తున్నారు. వేరే చదువు, వేరే పరీక్ష, వేరే అవార్డు ఉన్న విద్యను ఆట అయిపోయినవాడి ఆశ్రయం అనడం అన్యాయం.

ఆ విద్య విలువ తెలియాలంటే నర్సంపేట, పరకాల వైపు ఊళ్ల నుంచి డిగ్రీకి వచ్చే పిల్లాడిని చూడాలి. వాడు మట్టి కోర్టులో, అన్నల మధ్య ఆడి పెరిగాడు. షాట్ కొట్టడం ఊరే నేర్పింది. సర్వీస్ అందుకుని బంతిని సరిగ్గా సెట్టర్ చేతికి పంపడం మాత్రం ఎవరో పక్కన నిలబడి, నెలల తరబడి చేయిస్తే తప్ప రాదు. ఎగిరి కొట్టాక ఒంటికాలి మీద దిగే అలవాటు మోకాలిని తినేస్తుందని వాడికి చెప్పినవాళ్లు లేరు. 2.43 మీటర్ల నెట్ ముందు తన ఎత్తు సరిపోదని తెలిసిన రోజు వాడు ఆట మానేస్తాడు. లిబరో స్థానం 1998లో వచ్చిందే ఇలాంటివాళ్ల కోసమన్నట్టు ఉంటుంది: వెనక వరుసలో ఉంటూ, ఎత్తుతో కాక చురుకుతో జట్టును కాపాడే స్థానం. కానీ ఫలానా పిల్లాడు లిబరో అవుతాడని కనిపెట్టే కన్ను కావాలి కదా. పాయింట్ల పద్ధతి కూడా అప్పుడే మారింది. పూర్వం సర్వీస్ నెట్‌కు తగిలి ఇవతలే పడితే సర్వీస్ మాత్రమే పోయేది, ఇప్పుడు పాయింటే పోతుంది. నిబంధన మారినప్పుడల్లా సాధన మార్చాల్సింది కోచే.

ఇప్పుడు లీగులొచ్చాయి, వాళ్లే చూసుకుంటారు అనేవాళ్లూ ఉన్నారు. ప్రైమ్ వాలీబాల్ లీగ్ తొలి సీజన్ 2022లో మన గచ్చిబౌలిలోనే జరిగింది. మంచిదే. కానీ లీగ్ తయారైన ఆటగాడిని కొనుక్కుంటుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడిని మూడేళ్లు సాకేది కాలేజీ.

విచిత్రమేమంటే కాగితం మీద ఈ ఉద్యోగానికి మర్యాద ఉంది. 2018 యూజీసీ నిబంధనలు కాలేజీ వ్యాయామ విద్యా డైరెక్టర్‌ను అసిస్టెంట్ ప్రొఫెసర్ వేతన స్థాయిలోనే ఉంచాయి. 30 ఏళ్లలోపు పురుష అభ్యర్థి 12 నిమిషాల్లో 1,800 మీటర్లు పరుగెత్తాలని షరతు కూడా పెట్టాయి. అలా పరుగెత్తించి తీసుకున్న మనిషికి చాలా కాలేజీలు ఇచ్చే పని గేటు దగ్గర ఐడీ కార్డులు చూడటం, పరీక్షల డ్యూటీ, జెండా పండగ రోజు మార్చ్‌పాస్ట్. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు జట్టును పంపేముందు పది రోజుల క్యాంపు అడిగితే క్లాసులు పోతాయంటారు. ఇలా చేతులు కట్టేసి, ఆ తర్వాత "ఈయన ఏం సాధించాడు" అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

వరంగల్ కాలేజీలు చేయగలిగిన పని ఉంది. దేశానికో విశ్వవిద్యాలయానికో ఆడి, శిక్షణలో డిప్లొమా ఉన్నవాళ్లను పీడీలుగా రెగ్యులర్ పోస్టుల్లో తీసుకోవాలి. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు గ్రౌండ్‌ను వాళ్లకు వదలాలి. ఆ గంటల్లో వాళ్లను గేటు దగ్గరికి పిలవకూడదు.