మన గుమ్మం ముందు విదేశీ విద్యార్థి

లండన్‌లో ఈస్ట్ హామ్ అనే పేట ఉంది. అక్కడి హై స్ట్రీట్ మీద నడిస్తే ఇడ్లీ, దోసె, బిర్యానీ హోటళ్లు వరసగా కనిపిస్తాయి. చుట్టుపక్కల ఇళ్లలో మన పిల్లలు ఒక్కో గదిలో ఇద్దరు, ముగ్గురు చొప్పున సర్దుకుని ఉంటారు. మాస్టర్స్ చదవడానికి వెళ్లిన గుంటూరు అబ్బాయి, కరీంనగర్ అమ్మాయి ఏడాదంతా అక్కడే గడిపి, పట్టా పుచ్చుకుని, ఒక్క ఇంగ్లిష్‌వాళ్ల ఇంటి గడప కూడా తొక్కకుండా తిరిగి రావచ్చు. చాలామంది అలాగే వస్తున్నారు కూడా. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అది అప్పు చేసి వెళ్లిన చదువు. తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచెయ్యకూడదని వీసా నిబంధన. ఆ కాస్త పనీ ఎక్కువగా శని, ఆదివారాల్లోనే దొరుకుతుంది. గోదాములోనో, వృద్ధుల కేర్ హోమ్‌లోనో షిఫ్టు వదులుకుని ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లమంటే, ఆ రోజు కూలి ఎవరిస్తారని అడుగుతారు. అడగడం న్యాయమే.

అయినా వెళ్లమనే చెబుతాను. చదువుకునే ఏడాదిలో ఒక్క శని, ఆదివారం చాలు.

దానికి అక్కడ పద్ధతి ప్రకారం ఏర్పాటు జరిగింది. బ్రిటిష్ కౌన్సిల్, ఆ దేశ విదేశాంగ శాఖ, విక్టోరియా లీగ్ కలిసి 1987లో ‘హోస్ట్’ అనే సంస్థను మొదలుపెట్టాయి. విద్యార్థి తన గురించి నాలుగు ముక్కలు రాసి, ఏం తింటాడో, దేనిమీద ఆసక్తో చెప్పి దరఖాస్తు పెట్టుకుంటాడు. ఇంట్లో ఒక గది ఖాళీ ఉండి, ఎవరినైనా పిలవాలనుకునే కుటుంబంతో సంస్థ అతన్ని జతపరుస్తుంది. రైలు ఖర్చు విద్యార్థిది. తిండీ, పడకా ఆ కుటుంబానివి, అందుకు వాళ్లకు దమ్మిడీ ముట్టదు. భాష నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను నెలకింత అని తీసుకుని ఇంట్లో పెట్టుకునే పద్ధతి వేరే ఉంది. అది అద్దె వ్యవహారం, దాని సంగతి ఇప్పుడొద్దు. ఈ ఆలోచన బ్రిటన్‌లోనే పుట్టిందీ కాదు. అమెరికాలో డొనాల్డ్ వాట్ 1932లోనే పిల్లల్ని యూరప్ తీసుకెళ్లాడు. ఒక దేశాన్ని తెలుసుకోవాలంటే అక్కడి వాళ్ల ఇంట్లో కలిసి బతకాలన్నది ఆయన పట్టుదల. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికులను మోసిన అమెరికన్ అంబులెన్స్ డ్రైవర్ల సంస్థ ఏఎఫ్ఎస్. రెండో యుద్ధం కూడా చూశాక ఆ సంస్థవాళ్లే హైస్కూలు పిల్లల్ని దేశాలు మార్చి ఇళ్లలో ఉంచే పని చేపట్టారు. గాయపడ్డవాళ్లను మోసిన చేతులు ఆ పనికి పూనుకున్నాయని తెలిసినప్పటి నుంచి దీన్ని కాలక్షేపం వ్యవహారంగా చూడలేకపోతున్నాను.

లీడ్స్‌లో చదువుకునే రోజుల్లో నాకూ అలాంటి పిలుపు వచ్చింది. యార్క్‌షైర్ కొండల్లో సెటిల్ అనే చిన్న ఊరికి రైల్లో వెళ్లాను. అదే దారిలో ఇంకొంచెం ముందుకు పోతే రిబుల్‌హెడ్ వంతెన, 24 కమానులతో, లోయకు అడ్డంగా నిలబడి ఉంటుంది. 1870లలో కట్టారు. కట్టేటప్పుడు కూలీలు చాలామంది చనిపోయారు. నన్ను పిలిచిన ఇంటి పెద్దాయన నన్ను దాని కింద నిలబెట్టి, ముందు వంతెన గురించి చెప్పకుండా ఆ కూలీల గుడిసెలు ఎక్కడ ఉండేవో చూపించారు. ఆయన రిటైరైన స్కూలు మాస్టారు. ఆయన భార్య ఊళ్లు తిరిగి పనిచేసిన నర్సు.

నేను మాంసం తిననని ఆవిడకు ముందే తెలుసు. గుడ్డు తింటానో లేదో మళ్లీ విడిగా అడిగారు. తింటానన్నాక యార్క్‌షైర్ పుడింగ్ చేశారు. మైదా, గుడ్లు, పాలు గిలక్కొట్టిన జారు పిండి అది. రేకు గుంటల్లో నూనె పోసి, పొగలు వచ్చేదాకా ఓవెన్‌లో కాచి, పిండి పోసి చటుక్కున తలుపు మూసేశారు. మధ్యలో తలుపు తీస్తే చప్పబడిపోతుందట. అద్దంలోంచి చూస్తుండగానే పూరీలా పొంగింది. మామూలుగా మాంసం రసంతో చేసే గ్రేవీని నా కోసం ఉల్లిపాయలతో వేరే గిన్నెలో కాచారు. భోజనం అయ్యాక మాస్టారు చొక్కా చేతులు మడుచుకుని గిన్నెలు తోమడానికి నిలబడ్డారు. అది గొప్పగా ఆయనా అనుకోలేదు, ఆవిడా అనుకోలేదు.

నేను పూతరేకులు తీసుకెళ్లాను. పైనున్న కాగితం విప్పాలా అని ఆవిడ అడిగారు. కాగితం కాదు, బియ్యమేనని చెప్పి, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండినీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిస్తే రేకు ఎలా లేస్తుందో చేతులతో అభినయించి చూపించాను. మాస్టారు ఊరుకోలేదు. ఆ పని ఆడవాళ్లు చేస్తారా, మగవాళ్లా? ఎండాకాలంలో ఆ మంట పక్కన ఎంతసేపు కూర్చోగలరు? రేకుకి ఎంత గిట్టుతుంది? చిన్నప్పటి నుంచి తిన్న మిఠాయి వెనక ఒక మనిషి కూర్చుని ఉందన్న సంగతి, వేల మైళ్ల అవతల ఒకరి భోజనాల బల్ల దగ్గర నాకు ఎదురైంది.

నాకిచ్చిన గది వాళ్లబ్బాయిది. అతను న్యూజిలాండ్‌లో స్థిరపడ్డాడు. ఆదివారం పొద్దున అతని ఫోన్ వచ్చింది. ఆవిడ మెట్ల మీద కూర్చుని మాట్లాడారు. ఒంట్లో ఎలా ఉంది, పిల్ల బడికి వెళ్తోందా, ఈసారి ఎప్పుడు వస్తున్నారు. పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి, పక్కనే కూర్చుని విన్న భర్తకే ఆ మాటలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఆయనా కొత్తగా వింటున్నట్టే విన్నారు. నేను తెనాలికి ఫోన్ చేసి పెట్టేశాక మా ఇంట్లో ఏం జరుగుతుందో అంతకు ముందు నేనెన్నడూ ఊహించలేదు. ఇంగ్లిష్‌వాళ్లకు బంధాలుండవు, పిల్లలు పెద్దయితే ఎవరి దారి వారిదే అని మన దగ్గర తేలిగ్గా అనేస్తారు. ఎవరైనా అలా అన్నప్పుడల్లా ఆ మాట నిజం కాదని గట్టిగా చెబుతూనే ఉన్నాను.

అన్ని ఇళ్లూ ఇలా ఉంటాయని చెప్పను. మాట కలవని ఇళ్లుంటాయి, చలికి వణికించే గదులుంటాయి, మంచం మీదికెక్కే కుక్కలుంటాయి. అయినా వెళ్లాలి. ఇంటి ఓనరు, సూపర్‌వైజరు, బస్సు డ్రైవరు, వీళ్లను మాత్రమే చూసి ఒక దేశం మీద తీర్పు చెప్పడం ఎంత పొరపాటో, పేపర్లో వలసల మీద వచ్చే వార్తలు మాత్రమే చదివి మన పిల్లల మీద తీర్పు చెప్పడమూ అంతే పొరపాటు. ఒక కంచం, ఒక బల్ల ఈ రెండు పొరపాట్లనూ సరిచేసినంతగా ఏ ఉపన్యాసమూ సరిచెయ్యదు.

ఇక మన సంగతికి వద్దాం. ఈ వారం ఇది రాయడానికి అసలు కారణం అదే.

హైదరాబాద్‌లో విదేశీ విద్యార్థులు ఎప్పటి నుంచో ఉన్నారు. ఉస్మానియాకు ఆఫ్రికా దేశాల నుంచి, యెమెన్ నుంచి, అఫ్గానిస్తాన్ నుంచి వస్తారు. 1950లో మౌలానా ఆజాద్ నెలకొల్పిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఉపకార వేతనాల మీద వచ్చేవాళ్లు కొందరు, సొంత ఖర్చుతో వచ్చేవాళ్లు కొందరు. టోలిచౌకిలో పారామౌంట్ కాలనీ వైపు వెళ్తే వాళ్లు కనిపిస్తారు. మరి వాళ్లలో ఎంతమందికి తెలుగు ఇంటి వంటగది తెలుసు? అద్దె ఇల్లు అడగడానికి వెళ్తే ‘ఫ్యామిలీలకే ఇస్తాం’ అన్న మాట వింటారు. అదే తెల్లటి కుర్రాడు వస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ఫొటో తీయించుకుని, అద్దె కూడా తగ్గిస్తారు. ఇది మనందరికీ తెలిసిన సంగతే. మన పిల్లల్ని బయటి దేశంలో ఎవరైనా చర్మం రంగు చూసి చిన్నచూపు చూస్తే టీవీ ముందు కూర్చుని ఎంత కోపం తెచ్చుకుంటామో, మన వీధిలో సూడాన్ కుర్రాడికి గేటు మూసినప్పుడు అందులో నాలుగో వంతు కూడా రాదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

చదువుకునేవాడికి అన్నం పెట్టడం మనకు కొత్త కాదు. వారాలు చేసుకుని చదివిన తరాలు మనవి. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో తిని వకీళ్లూ, పంతుళ్లూ అయినవాళ్లు ఎందరో. ఆ ఇల్లాళ్లు గొప్పవాళ్లు. కానీ ఆ అన్నం సాధారణంగా కులం గీత దాటలేదు. పిల్లవాడి ఇంటిపేరు, గోత్రం తెలిశాకే విస్తరి పడేది. దళితుల ఇంటి పిల్లవాడు ఎంత చురుకైనవాడైనా ఆ వసారాలోకి రాలేకపోయాడు. ఆ మంచి అలవాటును ఇప్పుడు తిరిగి తెచ్చుకుంటే, ఆ గీత లేకుండా తెచ్చుకోవాలి.

ఇంట్లో ఆడపిల్లలున్నారండీ అంటారు. హోస్ట్ వంటి సంస్థలు ఉన్నది అందుకే. ఎవరు ఎవరింటికి వస్తున్నారో రెండువైపులా తెలిసేలా యూనివర్సిటీ మధ్యలో నిలబడాలి. ఆడపిల్లలను ఇద్దరిని కలిపి పంపవచ్చు, రాత్రి పడక కుదరనివాళ్లు మధ్యాహ్నం భోజనానికే పిలవవచ్చు. ఉస్మానియాలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూడ్డానికి ఒక కార్యాలయమే ఉంది. ప్రవేశాలు, వీసా కాగితాలతో పాటు పిలవడానికి ముందుకొచ్చే ఇళ్ల కోసం వాళ్లు ఒక రిజిస్టరు తెరిస్తే ఖర్చేమీ లేదు. తార్నాక, హబ్సిగూడ, నాచారం ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉండి, గదులు ఖాళీగా ఉన్న దంపతులు ఎందరో ఉన్నారు. వాళ్లను అడిగి చూడాలి.

బ్రిటన్‌లో క్రిస్మస్ రోజున రైళ్లు దాదాపు నడవవు, దుకాణాలు మూసేస్తారు, హాస్టళ్లు బోసిపోతాయి. అందుకే ఇలాంటి ఆహ్వానాల్లో క్రిస్మస్ పిలుపుకి అంత విలువ. మనకు దసరా సెలవులు అటువంటివి. మనవాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోతే, వెళ్లడానికి ఊరు లేనివాళ్లు గదుల్లో మిగిలిపోతారు. ఈ దసరాకే మొదలుపెట్టవచ్చు. రిజిస్టరు తెరిస్తే మా ఇంటి పేరు ఇస్తాను. ఇద్దరికి చోటుంది.