నిద్రపుచ్చే ముందు

మా బావగారు కత్తికి భయపడలేదు, మత్తుకు భయపడ్డారు. గుండెకు బైపాస్ ఆపరేషను రేపనగా, మత్తు డాక్టరుగారు గదిలోకి రాగానే, "నిద్రపుచ్చే మందుల్లో అన్నిటికన్న మంచిది ఇవ్వండి, ఖరీదైనా ఫరవాలేదు" అన్నారు.

డాక్టరుగారు నవ్వి, కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. ఆయన చెప్పినదాంట్లో నాకు బోధపడినది ఇది.

గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది గాని, తన కండకు కావలసిన రక్తాన్ని చాలావరకు రెండు దెబ్బల మధ్య విశ్రాంతిలోనే తీసుకుంటుంది. నాళాలు పూడినవారికి, నిద్రపట్టే ఆ కాసేపట్లో రక్తపుపోటు పడిపోయినా ముప్పే. గుండె దడదడ కొట్టుకుని ఆ విశ్రాంతి తగ్గినా ముప్పే.

1986లో బ్రిటనులో అమ్మకానికి వచ్చిన ప్రొపోఫాల్ పాలలాగా తెల్లగా వుంటుంది. హాయిగా నిద్రపుచ్చుతుంది, కాని పోటును దించుతుంది. 1962లో తయారైన కెటమిన్ ఇందుకు తలకిందులు: పోటునూ, గుండె వేగాన్నీ పెంచుతుంది. ఎటోమిడేట్ ఆ రెంటినీ అంతగా కదిలించదు. అయితే, ఒంటికి దెబ్బ తగిలినప్పుడు ఆదుకునే కార్టిసాల్‌ను అడ్రినల్ గ్రంథులు తయారుచేయకుండా కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు రోజంతా, అణిచివేస్తుంది. ఒక్క మోతాదు చాలు!

"అయితే ఏది మంచిదండీ?" అన్నది అక్క.

"మందుకన్న ఇచ్చే తీరు ముఖ్యం అమ్మా. మణికట్టు నాళంలో సన్నని గొట్టం వుంచి, ప్రతి దెబ్బకూ పోటు చూస్తూ, కొద్దికొద్దిగా ఎక్కిస్తాం. గబగబా ఎక్కిస్తే మంచి మందూ చెరుపే. సరేగాని, ఈయన ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నారా?"

"లేదండీ" అన్నారు బావగారు.

అక్క వూరుకోలేదు. "కీళ్ళనొప్పులకని దుకాణంలో అడిగి ప్రెడ్నిసొలోన్ తెచ్చుకుని ఆరునెలలుగా మింగుతున్నారు!"

డాక్టరుగారి ముఖంలో నవ్వు మాయమైంది. "బ్రతికించావమ్మా! అది చాలాకాలం వాడితే ఆ గ్రంథులు అప్పటికే నిద్రపోతాయి. ఇక ఎటోమిడేట్ మాట తలపెట్టను. ఆపరేషనులో హైడ్రోకార్టిసోన్ కూడా ఇవ్వాలి" అని కాగితంమీద రాసుకున్నారు.

బావగారిప్పుడు అరుగుమీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

కాబట్టి పాఠకులారా, మత్తు డాక్టరును "ఏ మందు ఇస్తారు?" అని అడగండి, తప్పులేదు. కాని అంతకుముందే, మీరు మింగుతున్నవన్నీ దాచకుండా చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడితే, మీ ఇంటావిడను పక్కన కూర్చోబెట్టుకోండి!