ఖఫ్జీ నీరు, బాపట్ల దొరువు

సౌదీ ఈశాన్య కొసన, కువైట్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఖఫ్జీ పేరు వింటే చాలామందికి చమురో, 1991 గల్ఫ్ యుద్ధమో గుర్తుకొస్తుంది. వ్యవసాయ ఇంజనీర్లు ఆ ఊరిని చూడవలసింది మరో కోణంలో. సముద్రపు నీటిని సౌర విద్యుత్తు సాయంతో మంచినీరుగా మార్చే భారీ ప్లాంటుకు సౌదీ ఎంచుకున్న చోటు అదే. 2010లో రోజుకు 30,000 ఘనపు మీటర్లతో మొదలైన ప్రతిపాదన, 2015 నాటికి 60,000 ఘనపు మీటర్లకు, అంటే ఆరు కోట్ల లీటర్లకు చేరింది.

ఆ నీరు ఊరి గొంతు తడపడానికే, పొలాలకు కాదు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఈ పద్ధతిలో ఘనపు మీటరు మంచినీటికి మూడు నాలుగు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. మన దగ్గర ఎకరం వరికి సుమారు 5,000 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. అంత నీరూ సముద్రం నుంచే తీయాలంటే ఎకరానికి 15,000 నుంచి 20,000 యూనిట్లు కావాలి. ఏ రైతు భరిస్తాడు?

సౌదీ ఈ పాఠం నేర్చుకోవడానికి చాలా నీళ్లు ఖర్చుపెట్టింది. వేల ఏళ్ల కిందట ఇంకిన భూగర్భ జలాన్ని తోడి, సబ్సిడీలు గుమ్మరించి, 1990ల తొలినాళ్లకు ఏటా 40 లక్షల టన్నుల దాకా గోధుమ పండించింది. మళ్లీ ఊరని నీరు అది. 2008లో వెనక్కి తగ్గి కొనుగోళ్లను ఏటా కొంత తగ్గిస్తూ 2016కల్లా ఆపేసింది. తర్వాత పరిమితంగా అనుమతించినా పాత జోరు లేదు.

ఇక మిగిలిన దారి, తక్కువ నీటితో ఎక్కువ విలువ తీసే గ్రీన్‌హౌస్. వ్యవసాయ ఇంజనీరుకు అసలు పరీక్ష ఇక్కడే. ఎడారి గ్రీన్‌హౌస్‌ను తడి మెత్తల గుండా గాలి లాగి చల్లబరుస్తారు. కొన్నిసార్లు మొక్కలు తాగే నీటికంటే ఈ చల్లదనానికే ఎక్కువ నీరు పోతుంది. పైగా ఖఫ్జీ లాంటి తీరంలో వేసవి గాలి అప్పటికే తేమతో బరువెక్కి ఉంటుంది. ఇంకా తేమ పట్టలేని గాలిలో తడి మెత్త చల్లదనం ఇవ్వదు. ఉక్కపోతలో చెమట ఆరని అనుభవం కోస్తా వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈ సమస్యనే పట్టుకుని ఒక వృత్తి జీవితాన్ని నిర్మించుకున్న వ్యవసాయ ఇంజనీరు ర్యాన్ లెఫర్స్. ఎర్ర సముద్రం ఒడ్డున తువల్‌లోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయంలో ఆయన పరిశోధన, గాలిలోని తేమను ఉప్పు ద్రావణాలతో పీల్చుకునే పద్ధతి మీద సాగింది. వృక్ష శాస్త్రవేత్త మార్క్ టెస్టర్ తదితరులతో కలిసి 2018లో రెడ్ సీ ఫామ్స్ స్థాపించారు. చల్లబరచడానికి ఉప్పునీరు, ఉప్పును ఓర్చుకునే టమాటా, ఎండలోని వేడిని అడ్డుకుని వెలుతురును మాత్రం లోపలికి వదిలే పైకప్పు వారి సాధనాలు. ఆ సంస్థే ఇప్పుడు ఐరిస్. పరిశోధన పత్రం దగ్గర ఆగిపోకుండా పంట దాకా వెళ్లిన ఈ ప్రయాణం మన విశ్వవిద్యాలయాలు చదవదగ్గది.

స్మార్ట్ వ్యవసాయం అంటే డ్రోన్లు, యాప్‌లు అనే ముద్ర మన దగ్గర బలంగా పడింది. నా దృష్టిలో అది నీటిని, వేడిని, ఉప్పును కొలిచి నిర్ణయం తీసుకోవడం. అందుకు ఎడారే అక్కర్లేదు, బాపట్ల చాలు. అక్కడ 1983 నుంచి వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ఉప్పునీటి వాడకం మీద పరిశోధన కేంద్రమూ ఉంది. తీరపు ఇసుక నేలల్లో వాన నీరు పలుచని పొరగా, కింది ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. రైతులు వాలుగా గుంట తవ్వి, కుండలతో ముంచి నారుమళ్లకూ కూరగాయలకూ పోసుకునేవారు. అదే దొరువు. గుంటకు చాలా నేల పోతుంది, అంచులు కూలుతుంటాయి. పోనీ బోరు వేసి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకి ఎగదన్నుతుంది. బాపట్ల పరిశోధకులు ఈ రెంటికీ మధ్య దారి వెదికారు. చిల్లుల గొట్టాలను లోతు తక్కువలో అడ్డంగా పరిచి, వాటిని ఒక బావికి కలిపి, పై పొరలోని తీపి నీటినే మీగడ తీసినట్టు తీసుకునే ఏర్పాటు అది. తరతరాల రైతు తెలివికి ఇంజనీరు చేర్చిన మెరుగు.

ఆ బావిలో లవణతను కొలిచే చిన్న పరికరం పెట్టి, ఉప్పు హద్దు దాటగానే మోటారు ఆగేలా చేస్తే, అంతకంటే స్మార్ట్ వ్యవసాయం ఏముంటుంది? ఆ హద్దు ఏ పంటకు ఎంతో తేల్చాలన్నా, రైతుకు నచ్చచెప్పాలన్నా మనిషి కావాలి. తమిళనాడులో వ్యవసాయ ఇంజనీరింగుకు ప్రత్యేక విభాగం ఉంది, దాని ఇంజనీర్లు జిల్లాల్లో పనిచేస్తారు. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి పూర్తిస్థాయి శాఖ లేదు. కాబట్టి ఈ కోర్సు చదివినవాళ్లు బ్యాంకు పరీక్షలకో, ట్రాక్టర్ కంపెనీలకో, గ్రూప్స్ కోచింగుకో వెళ్లడంలో వింత లేదు. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి సౌదీ వెళ్లి తోటల్లో డ్రిప్ లైన్లు చూసుకుని తిరిగొచ్చిన వాళ్ల నైపుణ్యాన్నీ సరిగా వాడుకోవడం లేదు. తీర జిల్లాల్లో మండలానికో వ్యవసాయ ఇంజనీరును నియమించి, తిరిగొచ్చిన ఈ కార్మికుల్లో కొందరిని వారి పక్కన సాంకేతిక సహాయకులుగా తీసుకోవడం ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లోనే మొదలుపెట్టగల పని.