గుర్రం ఎక్కని మెట్లు

పదో తరగతి ఫలితాలు రాగానే బెజవాడలో కాలేజీల సభలు మొదలవుతాయి. ఈ ఏడాది మా బంధువులబ్బాయి కోసం ఒకదానికి వెళ్లాల్సి వచ్చింది. కోటు వేసుకున్న మోటివేషనల్ స్పీకర్ ఒకాయన తెర మీద ఐదు గుర్రాల బొమ్మ వేశాడు. ఎడమ చివర నక్కంత ప్రాణి, కుడి చివర రేసు గుర్రం, మధ్యలో బాణం గుర్తులు. ఐదున్నర కోట్ల ఏళ్లలో గుర్రం ఒక్క అడుగూ వెనక్కి వేయలేదట, పిల్లలూ అలాగే ర్యాంకు వైపు దూకాలట. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. వేదిక మీదున్న జువాలజీ లెక్చరర్ కూడా కొట్టాడు. స్పీకర్‌ని చూసి నవ్వొచ్చింది గానీ లెక్చరర్‌ని చూసి ఒళ్లు మండింది.

ఇయోహిప్పస్, మీసోహిప్పస్, మెరికిప్పస్, ప్లయోహిప్పస్, నేటి గుర్రం ఈక్వస్: ఆ ఐదూ ఇవే. ఈ ఊళ్లో మెటీరియల్ పేరుతో అమ్ముడయ్యే కాగితాల్లో ఈ అయిదు పేర్లే. పిల్లలు కొండగుర్తులు పెట్టుకుంటారు, బిట్టు రాగానే టిక్కు పెడతారు. ఈ తరహా వరుస 1870లలో అమెరికాలోని యేల్‌లో శిలాజ శాస్త్రవేత్త మార్ష్ చేతుల్లో పుట్టింది. 1876లో జీవశాస్త్రవేత్త హక్స్‌లీ అక్కడికి వెళ్లి, మార్ష్ దగ్గరున్న ఎముకలు చూసి ఆ వరుసను ఒప్పుకున్నాడు. ఆనాటికి దొరికినవి అన్నే కాబట్టి వాళ్లను తప్పుపట్టను. 1951లో శిలాజ శాస్త్రవేత్త సింప్సన్ గుర్రాల మీద పుస్తకమే రాసి, ఇది నిచ్చెన కాదు, కొమ్మలు విరిసిన పొద అని విడమరిచి చెప్పాడు. డెబ్బై ఏళ్లు దాటినా మనవాళ్లు నిచ్చెననే అచ్చేస్తున్నారంటే అది అజ్ఞానం కాదు, బద్ధకం. పొదను బట్టీ పట్టించడం కష్టం మరి.

ఎముకలు చెప్పేది వేరు. మీసోహిప్పస్, దాన్నుంచి పుట్టిన మయోహిప్పస్ లక్షల ఏళ్లు పక్కపక్కనే బతికాయి. కొడుకు పుట్టగానే తండ్రి పోలేదు. గడ్డి మైదానాలు విస్తరించాక మెరికిప్పస్ వంటి వాటికి ఇసుకలాంటి సిలికా ఉన్న గడ్డిని నమిలినా త్వరగా అరగని పొడవాటి పళ్లు వచ్చాయి. నిజమే. కానీ ఆ కాలంలోనే ఆంకితీరియం అనే మరో గుర్రపు వంశం మూడు వేళ్లతో అడవుల్లో ఆకులు మేస్తూ ఆసియా, యూరప్ దాకా పాకింది. నానిప్పస్ అనే గుర్రం పెద్దదవలేదు సరికదా, ముందు తరాల కన్నా చిన్నదైంది. మొదటి మూడు కోట్ల ఏళ్లలో గుర్రాలు పెద్దగా పెరిగిందే లేదు. హిప్పారియన్ అనే గుర్రం మూడు వేళ్లతోనే కోటీ పదిలక్షల ఏళ్ల కిందట అమెరికా దాటి పాత ప్రపంచంలో అడుగుపెట్టింది. శివాలిక్ కొండల్లో దాని పళ్లు దొరికాయి. ఒంటి గిట్ట ఈక్వస్ వచ్చాక కూడా ఆఫ్రికాలో దాని చుట్టాలు లక్షల ఏళ్లు నిక్షేపంగా మేశాయి. చివరికి ఏమైంది? పుట్టింది అమెరికాలో, పదివేల ఏళ్ల కిందట ఆ అమెరికాలోనే గుర్రం తుడిచిపెట్టుకుపోయింది. స్పెయిన్ వాళ్లు ఓడల్లో తెచ్చేదాకా అక్కడ మళ్లీ కనబడలేదు. వెనకడుగు వేయని జంతువట!

పరిణామ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ ఎప్పుడో ఎత్తిపొడిచాడు: పొదంతా ఎండి ఒక్క కొమ్మ మిగిలింది కాబట్టే దానికి నిచ్చెన గీయగలుగుతున్నాం. ఇవాళ గుర్రం, గాడిద, జీబ్రా కలిపి ఉన్నది ఒక్క ప్రజాతే. అదే దివిసీమలో గట్ల మీద మేసే గేదె సంగతి చూడండి. ఆవు, మేక, జింకలాంటి కృష్ణమృగంతో కలిపి దాని కుటుంబంలో నూట నలభై దాకా జాతులు ఇప్పటికీ ఉన్నాయి. నిలదొక్కుకున్న వంశం ఏదో తెలుస్తూనే ఉంది. కానీ ఏ స్పీకరూ గేదె బొమ్మ వేయడు.

ఇక పరిణామాన్నే పక్కన పెట్టేవాళ్లున్నారు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి దశావతారాలు డార్విన్ కన్నా మెరుగన్నాడు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామాన్నే ఎత్తేసింది. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. బాధల్లా ఏమిటంటే, వృక్షశాస్త్రం చెప్పిన గోరా 1947లో నాస్తిక కేంద్రాన్ని తెచ్చి నిలిపిన ఈ ఊళ్లో, సైన్సు పక్షాన నిలబడ్డవాళ్లు కూడా ఆ బాణాల బొమ్మే పట్టుకుంటే, అవతలివాడు ఒక్క నానిప్పస్‌తో దాన్ని చించేయగలడు.

అయితే ఏం చేయాలి? పిల్లలకు ఎముకలు దొరికిన చోటే చూపించాలి. మన డెల్టా ఒండ్రు నిన్నగాక మొన్నటిది, పాత ఎముకల కోసం కర్నూలు వైపు పోవాల్సిందే. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్ని 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వారు. అక్కడ దొరికిన ఎముకల్ని పరిశీలించి శిలాజ శాస్త్రవేత్త లిడెకర్ 1886లో పట్టీ రాశాడు. అందులో గుర్రపు కుటుంబం ఉంది, కర్నూలు పేరే పెట్టుకున్న ఖడ్గమృగం కూడా ఉంది. ఖడ్గమృగం గుర్రానికి దూరపు చుట్టమని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ర్యాంకుల సభకయ్యే ఖర్చుతో ఒక బస్సు అటు పంపొచ్చు. తిరిగొచ్చాక బోర్డు మీద పొద ఎలా గీయాలన్నది లెక్చరర్లే చూసుకుంటారు. దాన్ని నాలుగు ఆప్షన్ల బిట్టుగా ఎలా అడగాలంటారా, అడక్కండి.