ఇజాజత్ లేకుండా లేచే నౌకర్లు

‘రన్ లెవల్స్ చెప్పు’ అని అడగండి. అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు చేసొచ్చిన మన పిల్లలు పహాడే అప్పజెప్పినట్టు గడగడా చెప్పేస్తారు. సున్నా అంటే సిస్టమ్ బంద్. ఒకటి అంటే మరమ్మతు కోసం ఒక్క మాలిక్ మాత్రమే లోపలికి. మూడు అంటే నెట్‌వర్క్ ఉంటుంది, బొమ్మల తెర ఉండదు. ఐదు అంటే బొమ్మల తెర కూడా. ఆరు అంటే రీబూట్. షాబాష్. ఇప్పుడు రెండో సవాల్ వేయండి: ‘మరి నీ లాప్‌టాప్ ఆన్ కాగానే ఏమేం సర్వీసులు లేస్తున్నాయి? వాటికి ఇజాజత్ ఎవరిచ్చారు?’ చాలామంది ఖామోష్.

నా షికాయత్ ఇదే. నంబర్లు నేర్పుతున్నాం గానీ ఇఖ్తియార్ ఎవరిదో నేర్పడం లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లైనక్స్ లేచేటప్పుడు కెర్నల్ ముందుగా ఒకే ఒక్క ప్రోగ్రామును నిద్ర లేపుతుంది. దాని నంబరు 1, పాత పేరు ఇనిట్. మిగతా ఇంతెజామంతా దాని జిమ్మేదారీ. దావత్‌లో ముంతజిమ్ ఎలాగో అలాగన్నమాట. ముందు నీళ్లు, తర్వాత దేగ్, ఆ తర్వాతే దస్తర్‌ఖాన్. ఆ తర్తీబ్ తప్పితే మెహమాన్లు ఖాళీ ప్లేట్ల ముందు కూర్చుంటారు.

పాత జమానాలో ఈ తర్తీబ్ కళ్లకు కనబడేది. ఏటీ అండ్ టీ వాళ్లు 1983లో తెచ్చిన సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ పేరుతో ప్రచారమైన పద్ధతి అది. ఈటీసీ ఫోల్డర్లో ఇనిట్‌ట్యాబ్ అని ఒక ఫైలు. ఏ రన్ లెవల్‌కి వెళ్లాలో అందులో ఒక లైన్లో ఉండేది. అక్కడ ఆరు అని రాశారా, మిషన్ లేవడం, పడుకోవడం, మళ్లీ లేవడం, అదే పని. అందుకే రెడ్ హ్యాట్ వాళ్లు సున్నా, ఆరు పెట్టొద్దని ఆ ఫైల్లోనే హెచ్చరిక రాసి ఉంచేవాళ్లు. ఐదో లెవల్‌కి ఆర్‌సీ5.డీ అని ఒక ఫోల్డర్. తెరిస్తే ఎస్10నెట్‌వర్క్, ఎస్55ఎస్‌ఎస్‌హెచ్‌డీ, ఎస్85హెచ్‌టీటీపీడీ అని వరసగా పేర్లు. ఎస్ అంటే స్టార్ట్, కే అంటే కిల్. లెవల్ మారినప్పుడు ముందు ఆపాల్సినవి ఆపి, తర్వాత నంబరు వరసలో లేపేది. ఎవరు ఎప్పుడు లేస్తారో తెలియాలంటే ఫోల్డర్ తెరిచి చూస్తే చాలు. నాకు ఆ సాదాతనం ఇప్పటికీ పసంద్.

అలాగని ఆ నంబర్లను నెత్తిన పెట్టుకోను. మన పిల్లలు కంఠస్థం చేసింది రెడ్ హ్యాట్ వాళ్ల పహాడా మాత్రమే. డెబియన్‌లో రెండు నుంచి ఐదు దాకా అన్నీ ఒకటే, మామూలుగా లేచేది రెండులో. ఒక ఇంట్లో ఐదు అంటే బొమ్మల తెర, పక్కింట్లో ఐదుకి వేరే మతలబే లేదు. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డీ వచ్చాక నంబర్ల బదులు పేర్లు వచ్చాయి. మూడు కాస్తా మల్టీ-యూజర్ టార్గెట్, ఐదు కాస్తా గ్రాఫికల్ టార్గెట్ అయ్యాయి. 2011లో ఫెడోరా తీసుకుంది. డెబియన్‌లో పెద్ద బహస్ జరిగి, 2014లో టెక్నికల్ కమిటీ ఓట్లు సగం సగం పడితే చైర్మన్ ఓటుతో ఫైసలా అయింది. నచ్చనివాళ్లు విడిపోయి దేవువాన్ అని వేరు కాపురం పెట్టారు. ఆ ఝగడాలో నాకు దిల్‌చస్పీ తక్కువ. ఎవరు గెలిచినా నా రెండో సవాల్‌కి జవాబు రాలేదు.

అసలు మసలా ఇది. ఉబుంటు, మింట్ రెండూ డెబియన్ ఖాందాన్‌లోవే. ఆ ఖాందాన్‌లో ఒక సర్వీసును ఇన్‌స్టాల్ చేస్తే మామూలుగా అది అప్పటికప్పుడు స్టార్ట్ అవుతుంది. అంతటితో ఆగదు. ఆ తర్వాత ప్రతి బూట్‌కీ అదే లేస్తుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్‌ల ఆదత్ వేరు. వాళ్ల ఫెహ్రిస్త్‌లో ముందే ఒప్పుకున్నవి తప్ప మిగతావి, మీరు ఎనేబుల్ అని హుకుం ఇచ్చేదాకా పడుకునే ఉంటాయి.

ఈ ఫరఖ్ చిన్నదనిపిస్తుంది. మా ఆపా కొడుకు బీటెక్ చదువుతున్నాడు, లాప్‌టాప్‌లో ఉబుంటు. కాలేజీ ప్రాజెక్టు కోసం అపాచీ వెబ్ సర్వర్ ఇన్‌స్టాల్ చేశాడు. వాళ్ల చెల్లెలి నిఖాకి మెహమాన్ల లిస్టు అందులోనే ఒక పేజీగా చేశాడు. ఖాలాలు, ఫుప్పూలు, వాళ్ల కోడళ్లు, అందరి పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు. ఇంటి వైఫైలో వాళ్ల అమ్మీ ఫోన్లోనూ తెరుచుకునేది, సహూలియత్‌గా ఉండేది. నిఖా అయింది. లిస్టు అక్కడే ఉంది. సెలవులైపోయి వాడు లాప్‌టాప్ పట్టుకుని హాస్టల్‌కి వెళ్లాడు. ఆర్నెల్ల తర్వాత పక్క రూమ్ అబ్బాయి వచ్చి, ‘మీ ఇంటి ఆడవాళ్ల నంబర్లు వైఫైలో కనబడుతున్నాయి, తీసెయ్’ అన్నాడట. నేక్ పిల్లవాడు కాబట్టి చెప్పాడు.

‘మామూ, నేను దాన్ని స్టార్ట్ చేయలేదు. నిఖా తర్వాత ముట్టుకోనేలేదు’ అని ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. నిజమే. వాడు స్టార్ట్ చేయలేదు. లాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ అదే లేచి దర్వాజా తెరిచి కూర్చుంది. ఉబుంటులో ఫైర్‌వాల్ కూడా మనం ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉంటుంది. నేను వాడిని తిట్టలేదు.

డెబియన్ వైపు నుంచి దలీల్ ఉంది. ‘ఇన్‌స్టాల్ చేశావంటే కావాలనేగా? మళ్లీ అడగడం దేనికి?’ అంటారు. సర్వర్లు నడిపే పెద్ద ఆఫీసుల్లో అది సరే. ఇన్‌స్టాల్ టైములో లేవకుండా ఆపడానికి పాలసీ-ఆర్‌సీ.డీ అని ఒక దారి ఉందని కూడా వాళ్లకు తెలుసు. ఇంట్లో వాళ్ల సంగతి అది కాదు. నౌకర్‌ని ఒకరోజు పనికి పిలిచినంత మాత్రాన, రోజూ ఫజర్ వేళకి వచ్చి మెయిన్ గేటు తీసిపెట్టమని కాదు కదా. పిలవడం వేరు, తాళంచెవి ఇవ్వడం వేరు. లైనక్స్‌లో ఈ రెంటికీ వేర్వేరు హుకుంలు ఉన్నాయి. స్టార్ట్ అంటే ఇప్పటికి, ఎనేబుల్ అంటే రేపటి నుంచి రోజూ. అంత సాఫ్‌గా విడదీసి పెట్టి, ఇన్‌స్టాల్ దగ్గర రెంటినీ కలిపేయడం నాకు గలత్ అనిపిస్తుంది. కనీసం ఒక్కసారి అడగొచ్చు.

వాళ్లు అడగరు కాబట్టి మీరే అడగండి. టెర్మినల్లో ఇంగ్లిష్ అక్షరాల్లో సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-యూనిట్-ఫైల్స్ --స్టేట్=ఎనేబుల్డ్ అని కొడితే రోజూ లేచేవాళ్ల ఫెహ్రిస్త్ మొత్తం వస్తుంది. సుడో ఎస్‌ఎస్ -టీయూఎల్‌ఎన్‌పీ అని కొడితే నెట్‌వర్క్ మీద చెవి పెట్టుకుని కూర్చున్నవాళ్లు కనబడతారు. రెండో లిస్టుతో మొదలుపెట్టండి, చిన్నది, జరూరీది. ప్రతి పేరు దగ్గరా పిల్లల్ని అడగండి, ఇది ఏం చేస్తుంది, మనకు పని ఉందా అని. ఇంట్లో ప్రింటర్ లేకపోతే కప్స్ అక్కర్లేదు. డాంగిల్ లేకపోతే మోడెమ్ మేనేజర్ అక్కర్లేదు. స్టాప్ అంటే ఈ పూటకే ఆగుతుంది, డిజేబుల్ అంటేనే రేపు లేవదు. కొన్ని మొండివి ఉంటాయి. కప్స్‌ని ఉత్త స్టాప్ చేస్తే, దాని సాకెట్ మళ్లీ లేపగలదని సిస్టమే చెబుతుంది. ఎలాగైనా లేవకూడదనుకుంటే మాస్క్ అని ఒక హుకుం ఉంది.

బూట్ నెమ్మదిగా ఉందని పాత డెస్క్‌టాప్‌ను కబాడీకి అమ్మేద్దామనుకునేవాళ్లు సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్ అని కూడా కొట్టి చూడండి. ఎవరు ఎన్ని సెకన్లు తీసుకున్నారో హిసాబ్ ఇస్తుంది. అయితే అది పేరుకు తగ్గట్టే ఇల్జామ్ వేస్తుంది, ఇన్సాఫ్ చేయదు. వేరేవాళ్ల కోసం ఊరికే ఎదురుచూసినవాడి పేరు కూడా పైన ఉండొచ్చు. నెట్‌వర్క్ మేనేజర్ వెయిట్ ఆన్‌లైన్ అనే దానికి తరచూ ఆ కిస్మత్ పడుతుంది.

చివరిగా ఒకటి. ఇది చదివి జోష్‌లో కనబడినవన్నీ ఆపేసేవాళ్లుంటారు. ఆ ఫెహ్రిస్త్‌లో ఏపీటీ-డైలీ, ఏపీటీ-డైలీ-అప్‌గ్రేడ్ అని రెండు టైమర్లుంటాయి. బూట్ కాగానే డిస్క్‌ను గరగరలాడిస్తాయని వాటి మీద చాలామందికి కోపం. సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చేవి అవే. వాటి జోలికి వెళ్లకండి.